కిటికీ పైన ఏముంది?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. "సర్వీసు అనుభవాలైనా సరే, చరిత్ర అయినా సరే" అన్నారు. నేను పండితుణ్ణి కాను. 1971లో సూపర్‌వైజరుగా చేరి 2007లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయిన వాణ్ణి. ముప్పై ఆరేళ్ళు గోడలతో, గుత్తేదారులతో, ఎం.బుక్కులతో గడిచిపోయాయి. రాజుల చరిత్ర వ్రాసే శక్తి నాకు లేదు కనుక ఒక చిన్న వస్తువు చరిత్ర వ్రాస్తున్నాను. అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, లేదా ఉన్నదని మనం అనుకుంటాము. కిటికీ మీద, గుమ్మం మీద అడ్డంగా పడుకొని పై గోడను మోసే లింటెల్ అన్నమాట.

పెన్షనర్లకు దీనితో పనేమిటని కొందరు అనుకోవచ్చు. మనలో చాలామంది ఇళ్ళు యాభై, అరవై ఏళ్ళ నాటివి. కొందరివి తండ్రులు, తాతలు కట్టినవి. పిల్లలు హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో ఫోను చేసి "ఆ పాత చెక్క కిటికీలు తీయించేసి యూపీవీసీ పెట్టించండి, దోమలు రావు, దుమ్ము రాదు" అంటున్నారు. మంచి మాటే. అయితే పాత కిటికీ ఊడదీసే ముందు దాని నెత్తిన ఏముందో చూసేవారు నూటికి ఒక్కరు కూడా కనబడటం లేదు. ఒకప్పుడు నేనూ చూడలేదు. ఆ సంగతి తరువాత వ్రాస్తాను.

గోడలో కన్నం పెట్టడం మనిషికి ఇల్లు కట్టడమంత పాత విద్య. కన్నం పెట్టగానే పైనున్న గోడను ఎవరు మోయాలన్న ప్రశ్న వస్తుంది. గ్రీసు దేశంలో మైసీనే అనే పాత కోట ఉంది. దాని సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతానిది. ద్వారం మీద అడ్డంగా వేసిన రాయి బరువు సుమారు 20 టన్నులు. అంత రాయి వేసి కూడా వాళ్ళు ఊరుకోలేదు. దానిపైన గోడలో త్రికోణాకారంగా ఖాళీ వదిలి, ఆ ఖాళీని రెండు సింహాలు చెక్కిన పలచని పలకతో మూశారు. అందరూ సింహాలను చూసి ఆనందిస్తారు. ఇంజనీరుకు మాత్రం ఆ త్రికోణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎందుకంటే మూడువేల ఏళ్ళ తరువాత మేము కాలేజీలో చదువుకున్నదీ ఆ త్రికోణమే. ద్వారం మీద గోడ ఎంత ఎత్తున్నా, మంచి కట్టుబడి అయితే, దాని బరువంతా లింటెల్ మీద పడదు. ఒక త్రికోణంలో ఉన్న భాగం మాత్రమే పడుతుంది. మిగతాది పక్కలకు జారిపోతుంది. పాడుబడ్డ ఇళ్ళలో కిటికీ పైన ఇటుకలు రాలిపోయిన చోట చూడండి, పైన మిగిలిన కన్నం గోపురంలా మొనదేలి ఉంటుంది.

ఆ త్రికోణం బరువు ఎంతో లెక్క చెబుతాను. నాలుగడుగుల వెడల్పు కిటికీ, తొమ్మిదంగుళాల ఇటుక గోడ అనుకుందాం. త్రికోణం ఎత్తు మూడున్నర అడుగుల లోపు. అందులోని ఇటుక పని బరువు సుమారు 280 కిలోలు, అంటే అయిదున్నర సిమెంటు బస్తాలు. పాత కాలపు పద్దెనిమిది అంగుళాల గోడ అయితే దానికి రెట్టింపు. ఆ త్రికోణంలోనే కప్పు దూలం కొన వచ్చి కూర్చుంటే ఆ బరువు అదనం.

మన దేశంలో ఆలయాలు కట్టినవారు రాతి దూలాలనే నమ్ముకున్నారు. రాయి నొక్కితే ఓర్చుకుంటుంది గాని, లాగితే ఓర్చుకోదు. అడ్డంగా వేసిన రాయి కొంచెం వంగబోయిందంటే దాని అడుగుభాగం సాగాలి. రాయికి సాగడం తెలియదు, పగలడమే తెలుసు. అందుకనే స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిపి, స్తంభం తలమీద ఇటూ అటూ చేతులు చాచినట్లు రాతి బోదెలు పెట్టి, దూలం మోయవలసిన దూరాన్ని తగ్గించారు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి చూసినవారికి ఇది తెలుస్తుంది. అక్కడ నేల కొన్నిచోట్ల కుంగి అలల్లాగా అయింది. అయినా మండపం నిలిచే ఉంది. శిఖరానికి నీటిలో తేలే తేలిక ఇటుకలు వాడటం కూడా కింది రాళ్ళ మీద దయతోనే అని నా అభిప్రాయం. 2021లో దానికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు పత్రికలన్నీ శిల్పాల గురించి వ్రాశాయి. దూలాల గురించి ఒక్క ముక్క వ్రాసినవారు నాకు కనబడలేదు.

కమాను వేరే దారి. అందులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, లాగుడు అనేది ఉండదు. ఢిల్లీలో కుతుబ్ మినారు పక్క మసీదు ముందుగోడ కట్టినప్పుడు మన పనివారు కమాను ఆకారం తెచ్చారు గాని, రాళ్ళను ఒకదాని మీద ఒకటి ముందుకు జరుపుతూ పేర్చారు. అది చూడటానికే కమాను. అసలైన కమాను 1287లో చనిపోయిన బాల్బన్ సమాధిలో కనబడుతుంది. 1591 నాటి చార్మినారు దగ్గరకు వచ్చేసరికి ఆ విద్య మన ప్రాంతంలో పండిపోయింది. కోస్తాలో కాటన్ దొర కాలానికి మేస్త్రీలందరికీ కమాను అలవాటైంది. గోదావరి డెల్టాలో గన్నవరం అక్విడక్టు 49 కమానుల మీద నిలబెట్టారు. కమానుకు ఒక్కటే చెడ్డ గుణం. అది పక్కలకు తన్నుతుంది. అందుచేత గోడ మూలకు మరీ దగ్గరగా ఉన్న కిటికీ మీద కమాను వేస్తే, కొన్నాళ్ళకు మూల బయటకు జరిగి చీలిక వస్తుంది.

దొరల కాలం బంగళాలలో ఒక తమాషా ఉంది. దీన్ని బాగా గమనించమని మనవి. బయటి ముఖం అందంగా ఉండాలని కిటికీ మీద ఇటుక కమాను కట్టేవారు. గోడ మందం పద్దెనిమిది అంగుళాలైతే, ఆ కమాను బయటి తొమ్మిదంగుళాలకే పరిమితం. లోపలి తొమ్మిదంగుళాలకు టేకు చెక్కో, చేవదేరిన తాటి దూలమో వేసి సున్నం పూసేసేవారు. బయట నిలబడి చూస్తే కమాను కనబడుతుంది. లోపల నిలబడి చూస్తే తెల్లసున్నం కనబడుతుంది. చెక్క ఎవరికీ కనబడదు, చెదపురుగుకు తప్ప.

1977 నవంబరు 19 తుఫాను మన వాళ్ళెవరూ మరచిపోరు. ఆ తరువాత వేసవి లోపల నన్ను ఒక పాత ప్రభుత్వ బంగళా మరమ్మతులకు వేశారు. ఊరు, ఆఫీసు చెప్పను. పందొమ్మిది కిటికీలు నీటికి ఉబ్బి తలుపులు మూతపడటం లేదు. కొత్తవి పెట్టాలి. నిధులు మార్చి 31తో మురిగిపోతాయి. ఆ మాటకు అర్థం మన ఉద్యోగులందరికీ తెలుసు గనుక వివరించను. మార్చి ఇరవై దాటింది. పదకొండు కిటికీలు మార్చాము, ఏమీ కాలేదు.

పన్నెండోది వెనుక వరండా పక్క గది. పెద్ద మేస్త్రీ అరవై దాటినవాడు. తాపీ పిడితో కిటికీ పైన లోపలివైపు తట్టి, "బాబు గారూ, ఇక్కడ బోలుగా పలుకుతోంది. ఓ జానెడు సున్నం గీకి చూసి తీద్దామండి, పోట్లు పెట్టాలేమో" అన్నాడు. నేను బయటకు వెళ్ళి చూశాను. కమాను బ్రహ్మాండంగా ఉంది. "కమాను ఉందిగా మేస్త్రీ, తీసెయ్యి" అన్నాను. నాకప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. గీకితే మళ్ళీ పూత పని, ఎస్టిమేటులో లేని ఐటమ్.

అతను మరి మాట్లాడలేదు. చట్రం చుట్టూ గునపంతో సడలించి లాగారు. లోపలి చెక్కను చెదలు ఎప్పుడో తినేశాయి. పేరుకు బెరడు మిగిలింది. అన్నేళ్ళుగా పై గోడను మోస్తున్నది కిటికీ చట్రమే. చట్రం రాగానే లోపలి తొమ్మిదంగుళాల గోడ మూడడుగుల ఎత్తున జారి పడింది. మేస్త్రీ పక్కకు దూకాడు. కింద తట్టలోకి పెళ్ళలు ఎత్తుతున్న ఒక కూలీ అమ్మాయి మీద పడింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. భుజం దగ్గర ఎముక విరిగింది.

జీపులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. నా జీతంలో నుంచి రెండు వందలు ఇచ్చాను. పై అధికారికి "పని మధ్యలో పాత గోడ కొంత పడినది" అని వ్రాశాను. మేస్త్రీ హెచ్చరించాడని గాని, నేను వద్దన్నానని గాని వ్రాయలేదు. ఆయన కూడా ఎవరితోనూ అనలేదు. ఆ అమ్మాయి జూన్‌లో మళ్ళీ పనికి వచ్చింది. ఎముక వంకరగా అతుక్కుంది. తట్ట రెండో భుజం మీదకు మార్చుకుంది. మస్టర్ రోల్‌లో రోజూ ఆమె పేరు నా చేత్తో వ్రాసి వేలిముద్ర వేయించినవాణ్ణి. ఇవాళ ఆ పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. పదకొండో కిటికీ కొలతలు మాత్రం గుర్తున్నాయి.

విషయానికి వస్తాను. దూలం ఎందుకు విరుగుతుందో లెక్క కట్టడానికి మొదట ప్రయత్నించినవాడు గెలీలియో. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక కథ చెప్పాడు. పాలరాతి స్తంభాన్ని పడుకోబెట్టి రెండు చివరల కింద దిమ్మలు పెట్టారట. మధ్యలో విరుగుతుందేమోనని భయపడి ఎవరో మధ్యన మూడో దిమ్మ పెట్టారు. కొన్ని నెలలకు ఒక చివర దిమ్మ కుంగింది. స్తంభం సరిగ్గా మూడో దిమ్మ మీద విరిగింది. ఈ కథ నేను కుర్ర ఇంజనీర్లకు చాలాసార్లు చెప్పాను. లింటెల్ కింద జాకీ పెట్టి "ఇంకా బిగించు, ఇంకా బిగించు" అనేవారికి ఇది తెలియాలి. ఆనించడం వేరు, పైకి ఎత్తడం వేరు. కాంక్రీటు లింటెల్‌లో ఇనుప ఊచలు అడుగున ఉంటాయి, ఎందుకంటే సాగేది అడుగుభాగం. మధ్యలో గట్టిగా పైకి తన్నితే సాగేది పైభాగం అవుతుంది, అక్కడ ఇనుము అంతగా ఉండదు. పైన చీలుతుంది.

ఆ కాంక్రీటు కథ కూడా పెద్దది కాదు. 1824లో ఇంగ్లండులో ఆస్‌ప్‌డిన్ అనే తాపీ పనివాడు పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. ఫ్రాన్సులో మోనియే అనే తోటమాలి 1867లో మొక్కల తొట్లకు ఇనుప తీగెలు పెట్టి సిమెంటు పూసి పేటెంటు తీసుకున్నాడు. 1892లో హెన్నెబిక్ దానిని ఇంటి దూలాల దాకా తెచ్చాడు. మన దేశంలో సిమెంటు తయారీ 1914లో పోర్‌బందరులో నిలదొక్కుకుంది. పల్లెటూళ్ళకు ఆ సిమెంటు రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

అసలు చిక్కు ఆ మధ్య కాలపు ఇళ్ళతోనే. సిమెంటు పర్మిట్ల రోజులు మనకు గుర్తే. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి ఇరవై బస్తాలు అడిగితే ఎనిమిది ఇచ్చేవారు. 1982లో సగం కంట్రోలు తీశారు, 1989లో పూర్తిగా ఎత్తివేశారు. అంతకు ముందు ఇల్లు కట్టినవాడు సిమెంటును కుంకుమపువ్వులా వాడాడు. శ్లాబుకు దాచుకోవాలి గనుక కిటికీల మీద పొదుపు చేశాడు. రాయలసీమ వైపు కడప బండ అడ్డంగా వేశారు. కొన్నిచోట్ల ఇటుకల మధ్య రెండు ఊచలు దూర్చి లింటెల్ అన్నారు. తడి తగిలి ఆ ఊచలు తుప్పు పట్టి ఉబ్బితే, కిటికీ పైన పూతలో అడ్డంగా చీలిక, గోధుమరంగు మరక కనబడతాయి. చాలాచోట్ల ఏమీ వేయలేదు. టేకు చట్రం మీదనే ఇటుకలు పేర్చుకుంటూ పోయారు. తప్పు అనడానికి నాకు నోరు రాదు. టేకు చట్రం అరవై ఏళ్ళు మోసింది. దాని స్థానంలో పెట్టే ప్లాస్టిక్ చట్రం తన అద్దాన్ని తాను మోయడానికి చేసినది, గోడను మోయడానికి కాదు.

లింటెల్‌కు మన దేశంలో మరో గౌరవం కూడా ఉంది. క్వెట్టా రైల్వేలో ఎస్.ఎల్. కుమార్ అనే ఇంజనీరు 1931 భూకంపం తరువాత రైల్వే క్వార్టర్లను భూకంపానికి తట్టుకొనేలా డిజైను చేశాడు. 1935 మే 31న ఆ ఊరు నేలమట్టమై వేలాదిమంది చనిపోయారు. ఆయన క్వార్టర్లు నిలిచాయి. గోడలు విడివిడిగా ఊగకుండా ఇంటి చుట్టూ లింటెల్ మట్టాన ఒకే పట్టీగా కాంక్రీటు వేయాలని తరువాత మన ఇండియన్ స్టాండర్డులలో చేర్చారు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కదిలినా మనకు పెద్దగా పట్టలేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు ప్రాంతంలో మట్టితో కట్టిన లావుపాటి రాతి గోడలు పడి పదివేల మంది దాకా పోయిన తరువాత గాని ఆ పట్టీ మాట సామాన్యులదాకా రాలేదు.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారు 1950లలో కట్టిన ఇల్లు, 1972లో వెనుక వంటగది నేను కట్టించాను. మా అబ్బాయి అమెరికా నుంచి డబ్బు పంపి కిటికీలన్నీ మార్చమన్నాడు. కొలతలకు వచ్చిన కుర్రవాడు టేపు లాగి, "సగం రోజు పని సార్, పొద్దున తీసి సాయంత్రానికి పెట్టేస్తాం" అన్నాడు. పైన ఏముందని అడిగాను. "గోడే కదా సార్" అన్నాడు.

ఒక తాపీ మనిషిని పిలిచి ప్రతి కిటికీ పైన మూడు చోట్ల పూత గీకించాను. నడుమ ఒకటి, కిటికీ అంచు దాటి రెండు పక్కలా ఆరేసి అంగుళాల మేర చెరొకటి. లింటెల్ ఉంటే అది పక్క గోడల మీద కనీసం అంతమేర కూర్చుని ఉండాలి. లోపలా బయటా రెండువైపులా చూడాలి. ఈ పాఠానికి నేను ఇచ్చుకున్న ఫీజు పైన వ్రాశాను. చీలికలు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోతున్నాయా, చట్రం పై అడ్డకర్ర నడుమ దిగిందా అని దారం పట్టి చూడాలి. చెక్క కనబడితే పెద్ద మేకుతో పొడవాలి. దిగకపోతే మంచిది, వెన్నలా దిగితే చెదలు.

హాలు కిటికీల పైన తాటి దూలాలు వచ్చాయి. డెబ్బై ఏళ్ళైనా మేకు దిగలేదు. తూర్పు గది మీద కాంక్రీటు లింటెల్, సన్‌షేడు ఉన్నాయి. సన్‌షేడు ఉన్నచోట ఇంకో జాగ్రత్త. అది ముందుకు వాలకుండా పట్టి ఉంచేది లింటెల్ మీది గోడ బరువే. కిటికీ ఎత్తు పెంచుదామని ఆ పై గోడను తీస్తే సన్‌షేడు మనిషి మీదకు వస్తుంది.

వంటగది మీద ఏమీ లేదు. వట్టి ఇటుకలు, చట్రం. 1972లో నేను కట్టించినదే. ఆనాడు ఊరందరి భవనాలకు లింటెల్ కొలతలు రికార్డు చేసిన మనిషిని, మా వంటింటికి వేయలేదు. మేస్త్రీ అడిగాడో లేదో, నేనేమన్నానో కూడా గుర్తు లేదు. సిమెంటు చాలి ఉండదు.

ఈ మాట వీడియోలో చెప్పగానే మా అబ్బాయి, "యాభై ఏళ్ళు పడనిది ఇప్పుడు పడుతుందా నాన్నగారూ?" అన్నాడు. పడనిది కిటికీ ఉంది గనుక అన్నాను. ఖర్చు పెరుగుతుందన్నాడు. నీ డబ్బు వద్దు, పెన్షన్‌లో నుంచి పెట్టుకుంటానన్నాను. తండ్రీకొడుకుల మధ్య ఇలాంటి మాటలు రావడం అంత మంచిది కాదు గాని, వచ్చాయి.

కిటికీకి పైన గోడలో రెండు కన్నాలు చేయించి, వాటిలో నుంచి ఇనుప ఛానళ్ళు దూర్చి, లోపలా బయటా చివరల కింద సరుగుడు పోట్లు గట్టి పలకల మీద నిలిపాము. ఆ తరువాతే చట్రం జోలికి వెళ్ళాము. తొమ్మిదంగుళాల గోడ కనుక సగం మందానికి ఒకటి చొప్పున రెండు లింటెళ్ళు నేల మీదనే పోతపోయించి మూడు వారాలు తడిపించాను. ముందు బయటి సగం తొలిచి ఒకటి కూర్చోబెట్టి, పైసందులో పొడి మాలు కూరి, నాలుగు రోజులు ఆగి, లోపలి సగం. వంట వరండాలో. మా ఆవిడ ఆ నెల రోజులు నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు.

కిటికీ పెట్టడం నిజంగానే సగం రోజులో అయిపోయింది. కొలతలకు వచ్చిన కుర్రవాడు మొదట నవ్వాడు గాని, పని జరిగినన్నాళ్ళూ సాయంత్రాలు వచ్చి చూసి వెళ్ళేవాడు. పూత వేయకముందు ఏ కిటికీ పైన ఏముందో, ఎంత పొడవో, ఏ తేదీన చూశామో ఒక కాగితం మీద వ్రాశాను. వంటగది వరుసలో "1972లో లింటెల్ వేయలేదు, నా పొరపాటు" అని వ్రాసి సంతకం చేసి, ఇంటి పన్ను రశీదుల కవరులో పెట్టాను.